టెర్మినల్‌లో బిల్డ్ అవుతోంది, ఎడిటర్‌లో మాత్రం అన్నీ ఎర్రగీతలే: ఎక్కడ సరిచేసుకోవాలి?

మీరు అడిగిన దాన్ని ముందు నా మాటల్లో పెడతాను, ఎక్కడైనా పొరబడి ఉంటే చెప్పండి. మీది సి ప్లస్ ప్లస్ ప్రాజెక్టు. చాలావరకు సీమేక్ (బిల్డ్ ఫైళ్లు పుట్టించే టూల్) మీద నడుస్తోంది, రెండు పాత ఫోల్డర్లు మాత్రం చేత్తో రాసిన మేక్‌ఫైళ్లతో (మేక్ అనే టూల్‌కి బిల్డ్ ఎలా చేయాలో చెప్పే ఫైళ్లు) ఉన్నాయి. టెర్మినల్‌లో బిల్డ్ శుభ్రంగా అవుతోంది. అదే కోడ్ వీఎస్ కోడ్‌లో తెరిస్తే మొదటి ఇన్‌క్లూడ్ (ఇంకో ఫైల్‌ని కలుపుకునే లైన్) దగ్గర్నుంచే ఎర్రగీతలు. బిల్డ్ కీ నొక్కితే కంపైలర్ చూపించిన తప్పులు కింద కనిపిస్తున్నాయి గానీ, క్లిక్ చేస్తే ఆ లైన్‌కి వెళ్లడం లేదు, కొన్నిటికి ఫైలే దొరకలేదంటోంది. టీమ్‌లో ఇద్దరు విమ్ వాడతారు, ఒకరు ఈమాక్స్. అందరికీ పనికొచ్చే అమరిక ఏమిటి, రిపాజిటరీలో ఏది పెట్టాలి అన్నది మీ ప్రశ్న.

ఇప్పటిదాకా మీరు చేసింది, ఎడిటర్ సెట్టింగ్స్‌లో ఇన్‌క్లూడ్ పాత్‌లు ఒక్కొక్కటిగా చేత్తో చేర్చుకుంటూ రావడం. ఆ పని ఇక్కడితో ఆపేయండి. నేను చెప్పే మిగతా విషయాలన్నీ మర్చిపోయినా ఈ ఒక్కటి మర్చిపోవద్దు. ఒక ఫైల్ ఎలా కంపైల్ అవుతుందో తెలిసిన చోటు ప్రాజెక్టు మొత్తానికి ఒక్కటే ఉండాలి, అది బిల్డ్ సిస్టమ్. ఎడిటర్‌కి ఏం తెలియాలన్నా దాన్ని అడిగే తెలుసుకోవాలి. చేత్తో రాసిన జాబితా రాసిన రోజు సరిగ్గానే ఉంటుంది. ఎవరో సీమేక్ ఫైల్లో ఒక మాక్రో చేర్చిన రోజు నుంచి అది తప్పు చెప్పడం మొదలుపెడుతుంది, ఆ సంగతి మనకి ఎవరూ చెప్పరు.

ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, దీనివల్ల నేను రెండు రోజులు పోగొట్టుకున్నాను. కొన్నేళ్ల క్రితం నేను పనిచేసిన ప్రాజెక్టులో ఒక నెట్‌వర్క్ లైబ్రరీ ఉండేది. మెషిన్‌లో దాని రెండు వెర్షన్లున్నాయి: సిస్టమ్‌తో వచ్చిన పాతది ఒకటి, బిల్డ్ తనే తెచ్చుకుని వాడే కొత్తది ఒకటి. ఎడిటర్‌కి నేను చేత్తో ఇచ్చిన పాత్ పాతదానిది. టైమౌట్ అనే ఫీల్డ్ మీద కర్సర్ పెట్టి డెఫినిషన్‌కి వెళ్తే లైబ్రరీ హెడర్ (డిక్లరేషన్లుండే ఫైల్) తెరుచుకుంది, పక్కన కామెంట్‌లో "సెకన్లలో" అని ఉంది. 30 అని రాశాను. బిల్డ్ అయింది, ఒక్క వార్నింగ్ లేదు, ఎడిటర్‌లో ఒక్క ఎర్రగీత లేదు. కనెక్షన్లు మాత్రం కలిసీ కలవగానే తెగిపోతున్నాయి. సర్వర్ లాగ్‌లు, ఫైర్‌వాల్, సర్టిఫికెట్లు అన్నీ వెతికాక, చివరికి బిల్డ్ వాడుతున్న హెడర్‌ని టెర్మినల్‌లో తెరిచి చూస్తే అదే ఫీల్డ్ పక్కన "మిల్లీసెకన్లలో" అని ఉంది. ఎర్రగీత కనిపిస్తే కనీసం ఏదో తేడా ఉందని తెలుస్తుంది. ఎడిటర్ ప్రశాంతంగా వేరే ఫైల్ చూపిస్తుంటే తెలుసుకునే దారే ఉండదు. అందుకే మీకు ఎర్రగీతలు కనిపించడం ఒక రకంగా మంచిదే అంటాను.

ఇక అసలు విషయం. ఎడిటర్‌కీ బిల్డ్ సిస్టమ్‌కీ మధ్య నడవాల్సిన మాటలు ప్రధానంగా రెండు. మొదటిది: "బిల్డ్ నడుపు, తప్పులుంటే ఏ ఫైల్లో ఏ లైన్లో ఉన్నాయో చెప్పు." రెండోది: "ఈ ఫైల్‌ని నువ్వు ఏ ఫ్లాగులతో కంపైల్ చేస్తావు?" (ఫ్లాగులంటే కంపైలర్‌కి ఇచ్చే ఆప్షన్లు.) క్లిక్ చేస్తే లైన్‌కి వెళ్లకపోవడం మొదటిదాని సమస్య. ఎర్రగీతలు రెండోదాని సమస్య. మీరు రెంటినీ ఒకటే అనుకుంటున్నారు కాబట్టి ఒకచోట మార్పు చేసి ఇంకోచోట ఫలితం కోసం చూస్తున్నారు. విడదీసి చూస్తే సగం చిక్కు అక్కడే విడిపోతుంది.

మొదటిదానితో మొదలుపెడతాను. ఇది చాలా పాత ఏర్పాటు. మేక్‌ని స్టువర్ట్ ఫెల్డ్‌మన్ బెల్ ల్యాబ్స్‌లో రాసింది 1976లో. ఇప్పటికీ ఎడిటర్లు బిల్డ్‌తో మాట్లాడే పద్ధతి పెద్దగా మారలేదు: ఒక కమాండ్ నడపడం, అది తెర మీద పోసే అక్షరాల్లోంచి ఫైల్ పేరూ లైన్ నంబరూ ఏరుకోవడం. కంపైలర్ ఇలాంటి లైన్ రాస్తుంది:

సోర్స్/పార్సర్.సీపీపీ:42:17: ఎర్రర్: 'టోకెన్' ఈ స్కోప్‌లో డిక్లేర్ కాలేదు

మొదటి కోలన్ దాకా ఫైల్ పేరు, తర్వాత లైన్, తర్వాత కాలమ్, తర్వాత తప్పు స్థాయి, మిగిలింది సందేశం. విమ్‌లో దీన్ని విడదీసే సూత్రం ఎర్రర్‌ఫార్మాట్ అనే ఆప్షన్‌లో ఉంటుంది, ఏ కమాండ్ నడపాలో మేక్‌పీఆర్‌జీ అనే ఆప్షన్‌లో ఉంటుంది. మేక్ అని కొడితే బిల్డ్ నడిచి, తప్పులన్నీ క్విక్‌ఫిక్స్ జాబితాలో చేరతాయి. (ఈ ఆలోచన అమిగా మీద మాంక్స్ వాళ్ల ఆజ్‌టెక్ సి కంపైలర్ నుంచి తీసుకున్నదని విమ్ డాక్యుమెంటేషన్‌లోనే రాసి ఉంటుంది.) ఈమాక్స్‌లో ఇదే పని కంపైల్ కమాండ్ చేస్తుంది, నెక్స్ట్ ఎర్రర్‌తో ఒక్కో తప్పు దగ్గరికీ దూకుతారు. వీఎస్ కోడ్‌లో టాస్క్స్ జేసన్ ఫైల్లో కమాండ్ రాసి, దానికి ప్రాబ్లమ్ మ్యాచర్ (తప్పుల లైన్లని విడదీసే సూత్రం) తగిలిస్తారు. జీసీసీ కంపైలర్, టైప్‌స్క్రిప్ట్ లాంటి వాటికి సిద్ధంగా ఉన్న మ్యాచర్లు దొరుకుతాయి. ఆ టాస్క్‌ని బిల్డ్ గ్రూపులో డిఫాల్ట్‌గా పెడితే కంట్రోల్, షిఫ్ట్, బి నొక్కగానే అదే నడుస్తుంది.

మీకు లైన్లు కనిపిస్తున్నాయి, క్లిక్ చేస్తే ఫైల్ దొరకడం లేదు. అంటే సూత్రం సరిపోయింది, ఫైల్ పేరుని ఏ ఫోల్డర్ నుంచి లెక్కపెట్టాలో ఎడిటర్‌కి తెలియలేదు. దీనికి కారణం మీ పాత మేక్‌ఫైళ్లే అయ్యుండాలి. సీమేక్ సోర్స్ బయట వేరే బిల్డ్ ఫోల్డర్ పెట్టుకుని చేసినప్పుడు సోర్స్ ఫైళ్ల పూర్తి పాత్‌ని కంపైలర్‌కి ఇస్తుంది కాబట్టి సాధారణంగా ఇబ్బంది రాదు. చేత్తో రాసిన మేక్‌ఫైల్ మాత్రం లోపలి ఫోల్డర్లోకి వెళ్లి, అక్కడ్నుంచి కేవలం "పార్సర్.సీపీపీ" అని పిలుస్తుంది. కంపైలర్ తనకి ఎలా ఇచ్చారో అలాగే పేరు తిరిగి రాస్తుంది. ప్రాజెక్టు రూట్‌లో ఆ పేరుతో ఫైల్ లేదు, అందుకే ఎడిటర్ చేతులెత్తేస్తోంది.

మేక్ ఒక ఫోల్డర్లోకి వెళ్లేటప్పుడు "ఎంటరింగ్ డైరెక్టరీ" అని ఒక లైన్ రాస్తుంది, బయటికొచ్చేటప్పుడు "లీవింగ్ డైరెక్టరీ" అని ఇంకొకటి. విమ్, ఈమాక్స్ రెండూ ఈ లైన్లు చదివి ఇప్పుడు ఎక్కడున్నామో గుర్తుపెట్టుకుంటాయి. అందుకే మీ విమ్ మిత్రులకి ఈ సమస్య రాలేదేమో, ఒకసారి అడగండి. వీఎస్ కోడ్ మ్యాచర్ ఈ లైన్లని పట్టించుకోదు. దానికి మీరే చెప్పాలి: ఒక్కో పాత ఫోల్డర్‌కి ఒక్కో టాస్క్ రాసి, మ్యాచర్‌లో ఫైల్ లొకేషన్‌ని ఆ ఫోల్డర్‌కి రిలేటివ్ అని పెట్టడం ఒక దారి. నాకు నచ్చే దారి వేరే. మేక్‌ఫైల్ రూల్‌లో సోర్స్ పేరు ముందు కర్‌డిర్ వేరియబుల్ (మేక్ నడుస్తున్న ఫోల్డర్ పూర్తి పాత్) తగిలిస్తే కంపైలర్‌కి పూర్తి పాత్ వెళ్తుంది, అప్పుడు ఏ ఎడిటర్‌కైనా, సర్వర్‌లో నడిచే బిల్డ్ లాగ్‌కైనా తప్పు ఎక్కడో సూటిగా తెలుస్తుంది. ఒక్క జాగ్రత్త: ఫైల్ పేరు ఇచ్చే ప్రీప్రాసెసర్ మాక్రోలోకి కూడా ఆ పూర్తి పాత్ చేరి, అసర్ట్ సందేశాల్లో మీ హోమ్ ఫోల్డర్ పేరు బైనరీలోకి వెళ్లిపోతుంది. జీసీసీ 8 నుంచి ఉన్న మాక్రో ప్రిఫిక్స్ మ్యాప్ ఫ్లాగుతో దాన్ని కత్తిరించవచ్చు.

తప్పులు క్లిక్ అవ్వకపోవడానికి ఇంకో మూడు కారణాలు తరచుగా చూస్తుంటాను. రంగులు ఒకటి. జీసీసీ, క్లాంగ్ కంపైలర్లు మామూలుగా ఎదురుగా టెర్మినల్ ఉంటేనే రంగులు వేస్తాయి. నింజా (మేక్ లాంటి ఇంకో బిల్డ్ టూల్) వాటి అవుట్‌పుట్‌ని పైపు ద్వారా తీసుకుంటుంది కాబట్టి రంగులు పోతాయి. అందుకని ఎవరో ఒకరు రంగులు "ఎప్పుడూ" వేయమని బిల్డ్ ఫైల్లోనే రాసేస్తారు. వాళ్ల టెర్మినల్ కళకళలాడుతుంది, పక్కవాళ్ల విమ్ క్విక్‌ఫిక్స్ జాబితా ఎస్కేప్ అక్షరాలతో నిండిపోతుంది. రంగులు ఎవరి సొంత సెట్టింగ్‌లో వాళ్లు పెట్టుకోవాలి. సీమేక్ 3.24 నుంచి దీనికోసం కలర్ డయాగ్నోస్టిక్స్ అనే వేరియబుల్ ఉంది, ఎవరికి కావాలంటే వాళ్లు తమ కాన్ఫిగర్‌లో ఆన్ చేసుకుంటారు.

రెండోది భాష. సిస్టమ్ ఇంకో భాషలో ఉంటే జీసీసీ "ఎర్రర్", "వార్నింగ్" అన్న మాటల్ని కూడా ఆ భాషలోకి మార్చేస్తుంది. మ్యాచర్ ఆ రెండు ఇంగ్లీషు మాటల కోసమే చూస్తూ ఉంటుంది. టాస్క్‌కి మాత్రం ఎన్విరాన్‌మెంట్‌లో ఎల్‌సీ ఆల్ విలువని సి అని పెడితే సరిపోతుంది, సిస్టమ్ భాష ముట్టుకోనక్కర్లేదు. మూడోది సమాంతర బిల్డ్. ఎనిమిది పనులు ఒకేసారి నడిస్తే ఒక కంపైలర్ రాసిన లైన్ల మధ్యలో ఇంకో కంపైలర్ లైన్లు దూరతాయి, ఫోల్డర్ లెక్క తప్పుతుంది. గ్నూ మేక్ 4.0 నుంచి అవుట్‌పుట్ సింక్ అనే ఆప్షన్ ఉంది, ఒక్కో పని అవుట్‌పుట్ మొత్తం ఒకేచోట పడేలా చేస్తుంది. నింజా అయితే మొదటి నుంచీ అలాగే చేస్తుంది.

ఆగకుండా నడుస్తూ, ఫైల్ సేవ్ చేయగానే మళ్లీ కంపైల్ చేసే టాస్క్‌లు ఉంటే ఇంకో సంగతి. వీఎస్ కోడ్ ఒక టాస్క్ ఎప్పుడు ముగిసిందో చూసి అప్పుడు డీబగ్గర్ మొదలుపెడుతుంది. వాచ్ టాస్క్ ఎప్పటికీ ముగియదు కాబట్టి డీబగ్గర్ మొదలవ్వదు. ఆ టాస్క్ బ్యాక్‌గ్రౌండ్‌లో నడిచేదని చెప్పి, ఒక్కో విడత కంపైల్ ఏ లైన్‌తో మొదలై ఏ లైన్‌తో ముగుస్తుందో రెండు ప్యాటర్న్‌లు ఇవ్వాలి. మీకు ఇప్పుడు అవసరం లేకపోవచ్చు, ముందు ముందు ఎదురైతే గుర్తుంటుందని చెప్పాను.

ఇప్పుడు ఎర్రగీతల సంగతి. ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఉంటాను, ఎందుకంటే అందరూ చిక్కుకునేది ఇక్కడే.

ఎర్రగీతలు గీసేది మీ బిల్డ్ కాదు. ఎడిటర్ వెనకాల ఒక లాంగ్వేజ్ సర్వర్ (కోడ్ చదివి తప్పులు చెప్పే ప్రోగ్రామ్) నడుస్తుంటుంది. లాంగ్వేజ్ సర్వర్ ప్రోటోకాల్‌ని మైక్రోసాఫ్ట్ 2016లో రెడ్ హ్యాట్, కోడెన్వీలతో కలిసి ప్రకటించింది. అప్పట్నుంచి ఒకే సర్వర్ వీఎస్ కోడ్‌కీ, విమ్‌కీ, ఈమాక్స్‌కీ కూడా పనిచేయగలుగుతోంది. మీ టీమ్‌కి ఇది చాలా మేలు చేసే విషయం. సి, సి ప్లస్ ప్లస్‌లకి నేను సూచించే సర్వర్ క్లాంగ్‌డీ. అది మీ ఫైల్‌ని తనే మొదట్నుంచీ చివరిదాకా పార్స్ చేస్తుంది. చేయాలంటే దానికి ఫ్లాగులు కావాలి. ఫ్లాగులు తెలియకపోతే ఊహించి చేస్తుంది, మీకు కనిపిస్తున్న ఎర్రగీతలన్నీ ఆ ఊహ ఫలితం.

ఫ్లాగులు దానికి అందే దారి కంపైల్ కమాండ్స్ జేసన్ అనే ఫైల్. పేరు చూసి భయపడక్కర్లేదు, తెరిచి చూస్తే ఒక్కో సోర్స్ ఫైల్‌కి ఒక్కో ఎంట్రీ ఉంటుంది, అందులో ముఖ్యమైనవి మూడే:

డైరెక్టరీ: /హోమ్/పని/ప్రాజెక్ట్/బిల్డ్
ఫైల్: /హోమ్/పని/ప్రాజెక్ట్/సోర్స్/పార్సర్.సీపీపీ
కమాండ్: జీ++ -ఐ../ఇన్‌క్లూడ్ -డీయూజ్_టీఎల్‌ఎస్=1 -సీ ఆ ఫైల్ పేరు

అంటే "ఈ ఫోల్డర్లో నిలబడి, ఈ ఫైల్‌ని, ఈ కమాండ్‌తో కంపైల్ చేస్తాను" అని బిల్డ్ సిస్టమ్ రాసిచ్చిన మాట. ఎడిటర్‌కి కావాల్సింది సరిగ్గా ఇదే. డైరెక్టరీ ఎందుకంటారా, కమాండ్‌లో "../ఇన్‌క్లూడ్" అని ఉంది చూశారా, అది ఎక్కడ నిలబడి చూస్తున్నామన్న దాన్ని బట్టి మారిపోతుంది. ఈ ఫైల్ ఒకచోట నుంచి ఇంకోచోటికి కాపీ చేసి, డైరెక్టరీ విలువ మార్చి "ఇంకా పనిచేయట్లేదు" అని రాసినవాళ్లని చాలామందిని చూశాను. దాన్ని చేత్తో ముట్టుకోవద్దు. తప్పుగా ఉంటే మళ్లీ పుట్టించండి.

పుట్టించడం సీమేక్‌లో తేలిక. కాన్ఫిగర్ చేసేటప్పుడు సీమేక్ ఎక్స్‌పోర్ట్ కంపైల్ కమాండ్స్ అనే వేరియబుల్ ఆన్ చేస్తే బిల్డ్ ఫోల్డర్లో ఆ ఫైల్ వస్తుంది. 3.17 నుంచి అదే పేరుతో ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ పెట్టుకున్నా చాలు, కొత్తగా పుట్టే ప్రతి బిల్డ్ ఫోల్డర్‌కీ వర్తిస్తుంది. ఒక్క షరతు: మేక్‌ఫైల్ లేదా నింజా జనరేటర్‌తోనే ఇది పనిచేస్తుంది (సీమేక్ ఏ టూల్ కోసం బిల్డ్ ఫైళ్లు రాయాలో చెప్పేది జనరేటర్). విజువల్ స్టూడియో, ఎక్స్‌కోడ్ జనరేటర్లు ఈ వేరియబుల్‌ని పట్టించుకోవు, ఫైల్ రాలేదేమిటా అని మీరు వెతుక్కుంటూ ఉంటారు. అలాంటివాళ్లు ఎడిటర్ కోసం పక్కన నింజాతో ఇంకో బిల్డ్ ఫోల్డర్ కాన్ఫిగర్ చేసుకోవచ్చు. మెసాన్ అనే బిల్డ్ సిస్టమ్ వాడేవాళ్లకి నింజా బ్యాకెండ్‌తో ఇది అడగకుండానే వస్తుంది.

మీ పాత మేక్‌ఫైల్ ఫోల్డర్లకి బేర్ అనే టూల్ ఉంది. బేర్ అని రాసి, రెండు హైఫన్లు పెట్టి, తర్వాత మేక్ అని రాస్తే, మేక్ నడుస్తున్నంతసేపూ ఏయే కంపైలర్ కమాండ్లు నడిచాయో గమనించి అదే జేసన్ ఫైల్ రాస్తుంది. అది జరిగిన కమాండ్లని మాత్రమే చూడగలదు. సగం ఫైళ్లు ముందే కంపైల్ అయ్యి ఉంటే మేక్ వాటిని మళ్లీ పిలవదు, జాబితాలో అవి ఉండవు. కాబట్టి ముందు క్లీన్ చేసి, తర్వాత మొత్తం బిల్డ్‌ని బేర్ కింద నడపండి.

రెండు రకాల బిల్డ్‌లు కలిసిన మీ ప్రాజెక్టుకి అనుకూలమైన సంగతి ఒకటుంది. క్లాంగ్‌డీ ఒక ఫైల్ తెరవగానే ఆ ఫైల్ ఉన్న ఫోల్డర్ నుంచి మొదలుపెట్టి పైకి ఒక్కో ఫోల్డరూ వెతుక్కుంటూ వెళ్తుంది, ఒక్కో మెట్టు దగ్గరా "బిల్డ్" అనే సబ్‌ఫోల్డర్ ఉందేమో కూడా చూస్తుంది. పాత ఫోల్డర్ల దగ్గర బేర్ పుట్టించిన ఫైల్ ఉంటే వాటికి అది, మిగతావాటికి రూట్‌లోని బిల్డ్ ఫోల్డర్లో సీమేక్ పుట్టించినది దొరుకుతుంది. రెండూ కలిపి ఒకటి చేయాల్సిన పని లేదు. మీ బిల్డ్ ఫోల్డర్ పేరు వేరే అయితే, లేదా డీబగ్‌కీ రిలీజ్‌కీ వేర్వేరు ఫోల్డర్లు ఉంటే, రూట్‌లో ఆ జేసన్ ఫైల్‌కి ఒక సింబాలిక్ లింక్ పెట్టండి, లేకపోతే డాట్ క్లాంగ్‌డీ ఫైల్లో కంపైలేషన్ డేటాబేస్ ఎక్కడుందో చెప్పండి. నేనైతే లింక్ ఎప్పుడూ డీబగ్ వైపే ఉంచుతాను. రిలీజ్ వైపు ఉంటే ఎన్‌డీబగ్ మాక్రో వల్ల డీబగ్ కోసం రాసిన బ్లాకులన్నీ ఎడిటర్‌లో బూడిద రంగులోకి వెళ్లిపోతాయి, అందులో తప్పు చేసినా కనిపించదు.

ఇంత చేశాక కూడా కొన్ని ఎర్రగీతలు మిగులుతాయి. అవి ఎక్కడివో చెప్తాను.

అన్నిటికన్నా ఎక్కువగా కనిపించేది జనరేటెడ్ హెడర్. ప్రోటోబఫ్ లాంటి కోడ్ పుట్టించే టూల్స్ వాడుతుంటే, ఇన్‌క్లూడ్ చేసిన హెడర్ బిల్డ్ నడిచాకే పుడుతుంది. కాన్ఫిగర్ చేశారు, జేసన్ ఫైల్ వచ్చింది, ఫ్లాగులు సరిగ్గా ఉన్నాయి, కానీ హెడర్ ఇంకా డిస్క్ మీద లేదు. ఒక్కసారి బిల్డ్ చేసి లాంగ్వేజ్ సర్వర్‌ని రీస్టార్ట్ చేయండి. బిల్డ్ మొత్తం అరగంట పట్టే ప్రాజెక్టు అయితే, కోడ్ జనరేషన్ మాత్రమే చేసే ఒక టార్గెట్ రాసిపెట్టండి. టీమ్‌లోకి కొత్తగా వచ్చినవాళ్లకి మొదటి రోజు టెన్షన్ లేకుండా చేసే పని ఇది, రాయడానికి పది నిమిషాలు కూడా పట్టదు.

రెండోది, హెడర్ ఫైళ్లు. జేసన్ ఫైల్లో సోర్స్ ఫైళ్లే ఉంటాయి, హెడర్లు విడిగా కంపైల్ అవ్వవు కాబట్టి ఉండవు. హెడర్ తెరిస్తే క్లాంగ్‌డీ దగ్గరి పేరున్న సోర్స్ ఫైల్ ఫ్లాగులు అప్పు తెచ్చుకుంటుంది. అయినా ఎర్రగీతలు వస్తున్నాయంటే చాలాసార్లు ఆ హెడర్‌దే తప్పు: తనకి కావాల్సిన ఇన్‌క్లూడ్‌లు తను చేసుకోకుండా, తనకన్నా ముందు ఇంకెవరో చేసి ఉంటారని నమ్ముకుంది. ఎడిటర్ మాట విని హెడర్‌ని సరిచేయండి.

మూడోది, వేరే కంపైలర్. చిన్న బోర్డుల కోసం క్రాస్ కంపైలర్ వాడితే దాని స్టాండర్డ్ హెడర్లు ఎక్కడున్నాయో క్లాంగ్‌డీకి తెలియదు. క్వెరీ డ్రైవర్ అనే ఆప్షన్‌తో ఆ కంపైలర్ పాత్ ఇస్తే, క్లాంగ్‌డీ దాన్నే నడిపి అడిగి తెలుసుకుంటుంది. ఎవరో ఇచ్చిన ప్రాజెక్టు తెరవగానే అందులో రాసి ఉన్న ప్రోగ్రామ్‌ని నడిపేయడం ప్రమాదం కాబట్టి, మీరు అనుమతిస్తే తప్ప ఆ పని చేయదు. అలాగే జీసీసీకి మాత్రమే తెలిసిన ఫ్లాగులుంటే క్లాంగ్‌డీ "ఈ ఆర్గ్యుమెంట్ నాకు తెలియదు" అంటుంది. డాట్ క్లాంగ్‌డీ ఫైల్లో కంపైల్ ఫ్లాగ్స్ కింద రిమూవ్ అని రాసి ఆ ఫ్లాగుల్ని ఎడిటర్ వరకు తీసేయొచ్చు. దీనికోసం బిల్డ్ ఫైళ్లు మార్చొద్దు.

నాలుగోది వీఎస్ కోడ్‌లోనే వస్తుంది. మైక్రోసాఫ్ట్ సి, సి ప్లస్ ప్లస్ ఎక్స్‌టెన్షన్‌కి సొంత ఇంటెలిసెన్స్ ఉంది. క్లాంగ్‌డీ ఎక్స్‌టెన్షన్ కూడా పెట్టుకుంటే రెండూ ఒకే ఫైల్ మీద తీర్పు చెప్తాయి, ఒకే తప్పు రెండుసార్లు కనిపిస్తుంది, లేదా ఒకటి బాగుందంటే ఇంకొకటి తప్పంటుంది. ఇంటెలిసెన్స్ ఇంజన్‌ని ఆఫ్ చేయండి. ఆ ఎక్స్‌టెన్షన్‌ని డీబగ్గర్ కోసం ఉంచుకోవచ్చు. చేత్తో రాసిన ఆ ఇన్‌క్లూడ్ జాబితాని కూడా అప్పుడే చెరిపేయండి.

మీ టీమ్‌లో వేరే భాషల కోడ్ కూడా ఉందని ప్రశ్న చివర్లో రాశారు. అక్కడా సూత్రం ఇదే, పని మాత్రం తక్కువ. రస్ట్ భాష సర్వర్ రస్ట్ అనలైజర్ ఆ భాష బిల్డ్ టూల్ కార్గోనే అడుగుతుంది, గో భాష సర్వర్ గోప్లస్ గో కమాండ్‌నే అడుగుతుంది, టైప్‌స్క్రిప్ట్ సర్వర్ టీఎస్‌కాన్ఫిగ్ చదువుతుంది. టైప్‌స్క్రిప్ట్‌లో ఒక్కటే చూసుకోండి: వీఎస్ కోడ్ తనతో వచ్చిన టైప్‌స్క్రిప్ట్ వెర్షన్ వాడుతుంటుంది, మీ బిల్డ్ ప్రాజెక్టులో ఇన్‌స్టాల్ చేసినది వాడుతుంది. వర్క్‌స్పేస్ వెర్షన్ వాడమని చెప్పండి. స్కాలా ప్రపంచంలో ఇంకో అడుగు ముందుకేసి, బిల్డ్ టూలే ఎడిటర్‌తో నేరుగా మాట్లాడేలా బిల్డ్ సర్వర్ ప్రోటోకాల్ తెచ్చారు. స్కాలా బిల్డ్ టూల్ ఎస్‌బీటీలో 1.4 నుంచి అది లోపలే ఉంది. అన్ని భాషలకీ అలాంటిది వస్తే బాగుండునని నాకు గట్టిగా ఉంటుంది.

రస్ట్ వాళ్లకి తగిలే ఒక ఇబ్బంది మాత్రం చెప్పాలి, ఎందుకంటే ఇది ఏ బిల్డ్ సిస్టమ్‌కైనా వర్తిస్తుంది. సేవ్ చేయగానే రస్ట్ అనలైజర్ వెనకాల కార్గో చెక్ నడుపుతుంది. అదే క్షణంలో మీరు టెర్మినల్‌లో కార్గో బిల్డ్ కొడితే, "బిల్డ్ డైరెక్టరీ తాళం కోసం ఎదురుచూస్తున్నాను" అన్న అర్థం వచ్చే లైన్ ఒకటి పడి అక్కడే నిలబడిపోతుంది. రెండూ ఒకే టార్గెట్ ఫోల్డర్ కోసం పోటీ పడుతున్నాయి. ఇంకా ఘోరం ఏంటంటే, రెండింటి ఎన్విరాన్‌మెంట్ వేరైతే ఒకటి చేసిన పనిని ఇంకొకటి పాతబడిందనుకుని మళ్లీ మొదట్నుంచీ చేస్తుంది. రస్ట్ అనలైజర్ సెట్టింగ్స్‌లో దానికి వేరే టార్గెట్ ఫోల్డర్ ఇవ్వొచ్చు. డిస్క్ మీద చోటు ఎక్కువ పడుతుంది, ప్రాణం మాత్రం హాయిగా ఉంటుంది. సీమేక్‌లో కూడా ఎడిటర్ తనంతట తను కాన్ఫిగర్ చేసే ఫోల్డర్, మీరు టెర్మినల్‌లో వాడే ఫోల్డర్ ఒకటే అయ్యి, ఆప్షన్లు వేరైతే ఇదే గొడవ.

ఆ ఎన్విరాన్‌మెంట్ విషయమే ఇంకాస్త. "టెర్మినల్‌లో కంపైలర్ దొరుకుతుంది, ఎడిటర్‌లో దొరకడం లేదు" అన్న ప్రశ్నకి చాలాసార్లు సమాధానం పాత్ వేరియబుల్. ఎడిటర్‌ని ఐకాన్ నొక్కి తెరిస్తే మీ షెల్ స్టార్టప్ ఫైళ్లలో రాసుకున్నవి దానికి అందకపోవచ్చు. పరీక్షించడం తేలిక: ఎడిటర్‌ని పూర్తిగా మూసేసి, బిల్డ్ బాగా నడిచే టెర్మినల్ నుంచే ప్రాజెక్టు ఫోల్డర్లో నిలబడి తెరవండి. సమస్య మాయమైతే కారణం అదే.

డీబగ్గర్ దగ్గర కూడా ఒకసారి చూసుకోండి. బిల్డ్ టాస్క్ ఒక ఫోల్డర్లో బైనరీ పుట్టిస్తూ, లాంచ్ సెట్టింగ్ ఇంకో ఫోల్డర్లోని పాత బైనరీని నడుపుతుంటే బ్రేక్‌పాయింట్లు వేసిన చోట ఆగవు, లేదా ఖాళీ లైన్ మీద ఆగుతాయి. ఫోల్డర్ పేరు రెండుచోట్ల రాయకుండా ఒక్కచోట నుంచే వచ్చేలా చేయండి.

ఇక రిపాజిటరీలో ఏం పెట్టాలి. సీమేక్ ప్రీసెట్స్ ఫైల్ పెట్టండి. ఇది 3.19లో వచ్చింది. జనరేటర్, బిల్డ్ ఫోల్డర్, ఎక్స్‌పోర్ట్ వేరియబుల్ అన్నీ అందులో ఉంటాయి. టెర్మినల్, వీఎస్ కోడ్, సర్వర్‌లో నడిచే బిల్డ్ అన్నీ అదే ప్రీసెట్ పేరు వాడతాయి. సొంత మార్పులకి యూజర్ ప్రీసెట్స్ అనే వేరే ఫైల్ ఉంది, అది రిపాజిటరీలోకి వెళ్లకూడదు. డాట్ క్లాంగ్‌డీ ఫైల్ పెట్టండి, అది మూడు ఎడిటర్ల వాళ్లకీ పనికొస్తుంది. టాస్క్స్ జేసన్ పెట్టొచ్చు, కానీ అందులో ఒక్కో టాస్క్ ఒక్క లైన్ కమాండ్‌ని పిలవాలి, అంతే. విమ్‌లో మేక్‌పీఆర్‌జీకీ, ఈమాక్స్‌లో కంపైల్ కమాండ్‌కీ సరిగ్గా అదే లైన్ ఇవ్వగలగాలి. టాస్క్ ఫైల్లోకి ఫ్లాగులూ షరతులూ చేరుతున్నాయంటే మళ్లీ ఎడిటర్‌లో ఇంకో బిల్డ్ సిస్టమ్ మొలుస్తోందని గుర్తుపట్టండి. కంపైల్ కమాండ్స్ జేసన్ మాత్రం పెట్టొద్దు, అందులో మీ మెషిన్ పూర్తి పాత్‌లుంటాయి, ఇంకొకరికి పనికిరావు.

మీరు చేయాల్సిన వరుస: ముందు ఇన్‌క్లూడ్ జాబితా తీసేసి, ఇంటెలిసెన్స్ ఇంజన్ ఆఫ్ చేయండి. తర్వాత సీమేక్ భాగానికి జేసన్ ఫైల్ పుట్టించి, ఒక్కసారి పూర్తిగా బిల్డ్ చేయండి. పాత ఫోల్డర్లకి బేర్ నడపండి. మేక్‌ఫైల్‌లో కర్‌డిర్ మార్పు చివర్లో చేసినా ఫర్వాలేదు, అది విడి సమస్య.

అప్పటికీ ఏదైనా ఫైల్‌లో ఎర్రగీతలు మిగిలితే ఎడిటర్‌ని పక్కనపెట్టి, టెర్మినల్‌లో క్లాంగ్‌డీని చెక్ ఆప్షన్‌తో ఆ ఒక్క ఫైల్ మీద నడపండి. ఏ జేసన్ ఫైల్ దొరికింది, ఏ కమాండ్ వాడుతోంది, మొదటి తప్పు ఎక్కడ వచ్చింది అన్నీ వరుసగా రాస్తుంది. కింద వంద తప్పులు కనిపించినా మొదటిదే చూడండి, దొరకని ఒక్క హెడర్ వల్లే మిగతావి పుడుతుంటాయి. ఆ కమాండ్‌నీ, టెర్మినల్‌లో వెర్బోస్ బిల్డ్ చూపించే కమాండ్‌నీ పక్కపక్కన పెట్టి చూస్తే తేడా కంటికి కనిపిస్తుంది. కనిపించకపోతే ఆ రెండు లైన్లూ, మొదటి తప్పూ ఇక్కడ పెట్టండి, కలిసి చూద్దాం.